గంట మోగే పూటకూళ్ళిల్లు

మా అమ్మాయికి నాలుగో నెల వచ్చేసరికి నా వంటంటే పడకుండా పోయింది. కింద పోపులో ఆవాలు చిటపటమన్నాయంటే చాలు, పైగదిలోంచి బాత్రూమ్‌కి పరిగెత్తే అడుగుల చప్పుడు వినిపించేది. అమెరికాలో, బెంటన్‌విల్‌లో వాళ్ళ ఇల్లు మూత బిగించిన డబ్బా లాంటిది. ఇంగువ వాసన కార్పెట్టులోకి దిగి మూడు రోజులు అక్కడే కాపురం ఉంటుంది. నేను పోపు మానేశాను. ఉల్లిపాయ మానేశాను. మిరియాల చారు, వాముతో మజ్జిగ, ఉప్పేసిన గంజి, ఏది పెట్టినా పావుగంటలో బయటికొచ్చేసేది. మా పెద్దవాడి పిల్లలిద్దరినీ నా చేతి అన్నంతో పెంచినదాన్ని. నా సొంత కూతురికి ఒక్క ముద్ద నిలబెట్టలేకపోయాను.

డాక్టరమ్మ తూకం చూసి తల అడ్డంగా ఊపింది. వచ్చే నెల మొదటి బుధవారం మళ్ళీ తూస్తానంది. అప్పటికీ తగ్గితే ఆసుపత్రిలో పడుకోబెట్టి సెలైన్ ఎక్కించాల్సిందేనంది.

ఆ మర్నాడు సోఫాలో కళ్ళు మూసుకుని పడుకున్న పిల్ల, కలలో మాట్లాడినట్టు అంది. "అమ్మా, నేను ఎమ్మెస్ చేసేటప్పుడు నా రూమ్మేట్ వాళ్ళమ్మా నాన్నా ఒక చోటికి తీసుకెళ్ళారు. ఆదివారం చర్చి అయ్యాక మధ్యాహ్నం భోజనానికి. కోడిని కొయ్యకుండా మొత్తంగా ఓవెన్‌లో పెట్టి కాలుస్తారు. బంగాళాదుంపలు, ఆ కోడి రసంతోనే చేసిన గ్రేవీ. అది తినాలనుంది."

"ఎక్కడే అది?"

"తెలీదమ్మా. కొండలెక్కి వెళ్ళాం. రాతి ఇల్లు. బయట పెద్ద గంట ఉంది. వడ్డించే ముందు మోగిస్తారు."

"ఫ్రిజ్‌లో అత్తయ్యగారు చేసిన కోడికూర ఉంది కదోయ్," అన్నాడు అల్లుడు. పిల్ల మొహం చూసి వెంటనే నోరు మూసుకున్నాడు.

కడుపుతో ఉన్నది నోరు తెరిచి అడిగింది పెట్టకపోతే పుట్టే బిడ్డకి చెవుల్లో చీము కారుతుందని మా అత్తగారు అనేవారు. నిజమో అబద్ధమో నాకు తెలీదు. తెలుసుకోవడానికి నా కూతురి బిడ్డ చెవులు పణంగా పెట్టను కదా. హోటలు తిండి అంటే నాకు గిట్టదు. ఎవరు వండారో, ఏ చేత్తో వండారో తెలీని కూడు డబ్బిచ్చి నోట్లో పెట్టుకోవడమేమిటి అని ఇంట్లో అందర్నీ ఆడిపోసుకున్నదాన్ని నేనే. ఆ నేనే, "బాబూ, ఆదివారం కారు తియ్యండి" అన్నాను.

మొదటి ఆదివారం వెళ్ళిన చోట గోడల నిండా జింకల తలకాయలు వేలాడుతున్నాయి. అక్కడ అంతా పెద్దమాంసమే. గ్రేవీ కూడా దానిదే. మాకు పనికిరాదు. పిల్ల గుమ్మం దాకా వచ్చి, ముక్కు మీద చీర చెంగు వేసుకుని (నా చెంగే) వెనక్కి తిరిగింది. రెండో ఆదివారం ఇంకోచోట కోడే పెట్టారు గానీ, ఒక ముక్క వేలితో నొక్కి చూశాను. నిన్నటి కోడి. వేడి చేసినంత మాత్రాన ఇవాళ్టిదైపోతుందా? లేవమన్నాను. పిల్ల కారులో కిటికీకి తల ఆనించి కూర్చుంది. అది ఏడ్చినా బాగుండేది.

మూడో ఆదివారం. ఆ బుధవారమే తూకం.

అల్లుడు రాత్రంతా ఇంటర్నెట్‌లో వెతికి జీపీఎస్‌లో ఏదో ఎక్కించాడు. ఆ డబ్బా మమ్మల్ని తిప్పి తిప్పి ఒక వాగు ఒడ్డున దింపి, గమ్యం చేరారంది. ఎదురుగా నీళ్ళూ, ఒక తాబేలూ ఉన్నాయి.

"ఇక్కడే ఉన్నట్టు చూపిస్తోంది అత్తయ్యగారూ."

"తాబేలు వండి పెడుతుందేమో అడగండి," అన్నాను. "ఆ డబ్బా కట్టేసి మనిషన్నవాణ్ణి అడగండి బాబూ. దారి అడిగితే మీసం ఊడిపోదు."

పిల్ల నవ్వింది. ఎన్నాళ్ళకో.

రోడ్డు పక్కన ట్రక్కులో ఆపిల్సు పెట్టుకుని ఒక ముసలాయన అమ్ముతున్నాడు. అల్లుడు దిగి అడిగి, తల గోక్కుంటూ వచ్చాడు. "దానికి పేరూ బోర్డూ ఏమీ లేవటండీ. ముందు తెల్ల చర్చి వస్తుందట. అది వదిలేదాకా ఆగి, కార్లన్నీ ఎటు వెళితే అటు వెళ్ళమన్నాడు."

అలాగే చర్చి బయట కాచుకున్నాం. పాట వినపడింది, ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ముసలీముతకా, చంటిపిల్లలూ, ఇస్త్రీ చొక్కాల మగవాళ్ళూ బయటికొచ్చి ట్రక్కులెక్కారు. ఒకటి వెనక ఒకటి, పెళ్ళివారి బళ్ళలాగా కొండెక్కడం మొదలుపెట్టాయి. వాటి వెనక మేము.

ఆ దారి ఎలా చెప్పను? అక్టోబరు నెల. ఆకులన్నీ పండిపోయి ఉన్నాయి. పసుపు, కుంకుమ, ఇటుకరంగు, కొన్ని పండిన మిరపకాయంత ఎరుపు. కొండకి కొండే ముత్తయిదువలా ఉంది. నేను అడవిని చూసి కట్టెల లెక్క వేసుకునే మనిషిని. ఆ పూట నాకు కట్టెలు గుర్తురాలేదు. చేతులు వాటంతటవే దణ్ణం పెట్టుకున్నాయి. అల్లుడు అద్దంలోంచి చూసి, గుడి ఏదైనా వచ్చిందేమోనని కారు నెమ్మది చేశాడు.

మలుపు తిరిగేసరికి రాతి ఇల్లు. ముందు రెండు గుంజల మధ్య గంట. గాల్లో వాసన: కాలుతున్న కోడి చర్మం, వెన్న, ఏదో కొండాకు. కారు ఆగీ ఆగకముందే పిల్ల తలుపు తీసుకుని దిగిపోయింది. నేను ప్లాస్టిక్ సంచీ పట్టుకుని వెనకాలే పరిగెత్తాను. దానికి వాంతొస్తే పట్టడానికి ఆ రోజుల్లో నా చేతిలో ఎప్పుడూ ఒక సంచీ ఉండేది. పిల్ల ఆవరణలో నిలబడి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చుకుంది. ఒకసారి. రెండుసార్లు. నేను సంచీ నోరు తెరిచి పట్టుకునే ఉన్నాను.

"ఇదేనమ్మా," అంది.

లోపల బల్లలన్నీ పొడుగ్గా ఉన్నాయి. ఒక్కోదానికి పదహారుమంది. మెనూ కార్డు లేదు, ఎవరి బల్ల వాళ్ళదన్నది లేదు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవడమే, బంతిభోజనంలాగా. నాకు ఒక పక్క మా అమ్మాయి, ఇంకో పక్క ముఖమంతా ఎండకి కాలిన ఒక ముసలి రైతు. బయట గంట మోగింది. అంతే, అంతమందీ ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు. చంటిపిల్లలు కూడా. పక్కనున్న రైతు చెయ్యి చాచాడు. అందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. పరాయి మగాడి చెయ్యి పట్టుకోవడమేమిటని ఒక్క క్షణం ఆగాను. అందరూ తల వంచి నా కోసమే ఆగినట్టున్నారు. ఇచ్చాను. ఆ అరచెయ్యి నెర్రెలిచ్చిన నేలలా ఉంది. ఎవరో నాలుగు మాటల ప్రార్థన చేశారు. అర్థం కాలేదు. అన్నం ముందు దేవుణ్ణి తలుచుకోవడానికి అర్థం చెప్పేవాళ్ళు కావాలా?

పళ్ళాలు వచ్చాయి. నాలుగు కోళ్ళు, బంగారు రంగులో, ముక్కలు చేసి మళ్ళీ కోడిలాగే అమర్చి పెట్టారు. బంగాళాదుంపలు, కేరెట్లు, బీన్సు, గుండ్రటి రొట్టెలు, చెంబుల్లో గ్రేవీ. ఎవరికి వాళ్ళు వేసుకుని పక్కవాళ్ళకి అందిస్తున్నారు. రైతు ఒక రెక్క వేసుకుని, అక్కడికక్కడే కొరికి, వేళ్ళు నాకి, అదే చేత్తో పళ్ళెం ఎత్తి నాకు ఇచ్చాడు.

నేను పళ్ళెం పట్టుకుని ఉండిపోయాను. అటుపక్క నా కూతురు ఆశగా చూస్తోంది. మూడు ఆదివారాలు తిరిగి తెచ్చుకున్న తిండి. ఎంగిలి చేతులు మారి వచ్చిన పళ్ళెం కడుపుతో ఉన్నదానికి ఎలా అందించను? మా ఇళ్ళల్లో తినేవాళ్ళు వడ్డన గిన్నె ముట్టుకోరు. వడ్డించేవాళ్ళు తినరు. ఆ బల్ల దగ్గర పిల్ల కాక ఇంకా ఏమీ నోట పెట్టనిదాన్ని నేనొక్కదాన్నే.

పళ్ళెం బల్ల మీద పెట్టి లేచి, గుమ్మం బయట మా సీసాలో నీళ్ళతో చేతులు కడుక్కుని, చెంగు బొడ్లో దోపాను. ఇంకా ఎవరూ ముట్టని పళ్ళెం బల్ల మధ్యలో ఉంటే అది గరిటెతో సహా తీసుకున్నాను. ముందు పిల్లకి వడ్డించాను. ఒక తొడ, రెండు దుంపలు, మీద గ్రేవీ. దాన్ని చూడకుండా పక్కకి తిరిగాను. నేను చూస్తుంటే దానికి దిగదు.

ఒక్కదానికి వడ్డించి మిగతావాళ్ళని వదిలేస్తే పంక్తిభేదం. అందుకని వరసగా పోయాను.

అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. "అత్తయ్యగారూ, ఇక్కడ అలా చెయ్యరండీ. ఎవరికి వాళ్ళే వేసుకుంటారు."

"వేసుకుంటే ఎవరు కొసరుతారు బాబూ? మీరు తినండి."

బల్లంతా నోళ్ళు తెరుచుకుని చూసింది. ఎర్ర గౌను వేసుకున్న ఒకావిడ పళ్ళెం మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది. నా ప్రాణం లేచొచ్చింది. ఇక్కడా అడ్డం పెడతారన్నమాట! అడ్డం పెట్టినవాళ్ళకే కదా వెయ్యాల్సింది. వేళ్ళ సందులోంచి ఒక ముక్క జార్చాను. ఆవిడ కిసుక్కున నవ్వింది. రైతు తన పళ్ళెం ఎత్తి చూపించి ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?"

"తొడ మాట ఏమైందీ అంటున్నాడండీ. ఇందాక రెక్కతో సరిపెట్టుకున్నాడట."

వేశాను. ఇంకోటి కూడా వేశాను.

అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది. వంట చేసేది ఆవిడే కాబోలు, నా కంటే పెద్దది, నా కంటే జానెడు పొడుగు, మోచేతుల దాకా పిండి. గుమ్మంలో నిలబడి నన్నూ, నా చేతిలో గరిటెనీ చూసింది. నా ఇంట్లో పరాయి ఆడది గరిటె పట్టుకుంటే నేనేం చేస్తానో నాకు తెలుసు. ఆవిడ గబగబా నా దగ్గరికి వచ్చింది. ఖాళీ అయిన పళ్ళెం చూసింది. భుజం మీద చెయ్యి వేసి వంటింట్లోకి తీసుకుపోయింది.

ఆ వంటిల్లు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. గోడకి గోడంతా ఇనప పొయ్యి. బయటికి తీసిన కోళ్ళ మీద తడిగుడ్డ కప్పి వరసగా ఉంచారు. ఒకటి కొయ్యబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపి, గోడ గడియారం చూపించింది. ఇంకా ఆగాలట. రసం కోడిలోకే మళ్ళీ తిరిగిపోవాలని, కోసిన ఒకదాన్ని నొక్కి చూపించింది. ఒక్క చుక్క కారలేదు. పెనంలో కారిన కొవ్వులో పిండి వేసి, అడుగంటినదంతా గీకి గీకి కలిపింది. అదీ గ్రేవీ. ఎముకలు పక్క కుండలో అప్పుడే ఉడుకుతున్నాయి. నిన్నటి రొట్టె అంచులు పాలలో నానుతున్నాయి, తీపి వంటకానికి. కేరెట్ తొక్కలు బకెట్లో, పెరట్లో కోళ్ళకి. చెత్తబుట్ట కోసం చూశాను. దాని అడుగున కోడి కాళ్ళు బిగించి కట్టిన రెండు తీగముక్కలు తప్ప ఏమీ లేవు.

నేను మూడో తరగతితో బడి మానేశాను. గొప్పవాళ్ళ ముందు నిలబడి నోరు పెగలకపోవడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. కానీ ఒక వంటింట్లో అలా అయింది అదొక్కసారే. ఈ పనంతా ఆవిడ ఎవరి మెప్పు కోసమూ చెయ్యడం లేదు. పాడుచెయ్యకూడదు, అంతే. ప్రపంచానికి అవతల గట్టున, నా మాట ఒక్కటి అర్థం కాని చోట, నా వంటింటి నియమాలన్నీ ఇంకొకావిడ చేతుల్లో నడుస్తున్నాయి.

నిండు పళ్ళెంతో బయటికి వచ్చేసరికి మా అమ్మాయి ముందు పళ్ళెంలో ఎముక ఒక్కటే ఉంది.

"మారు వెయ్యమ్మా," అంది.

వేశాను. అయితే సంచీ మాత్రం కుర్చీ కిందే, కాలికి తగిలేంత దూరంలో ఉంచుకున్నాను. తినడం ఎంతసేపు, నిలవాలిగా.

జనం వెళ్ళిపోయారు. పిల్లని అల్లుడు బయట గంట కింద రాతిమెట్టు మీద కూర్చోబెట్టాడు. నేను గిన్నెలు ఎత్తబోతే ఆవిడ నన్ను కూర్చోమని, రెండు పళ్ళాలు తెచ్చింది. ఆవిడా అప్పటిదాకా తినలేదు. వడ్డించినవాళ్ళం ఇద్దరం ఖాళీ బల్ల చివర ఎదురెదురుగా కూర్చున్నాం. నేను చేత్తో కలుపుకుంటుంటే చూసింది. గ్రేవీ చెంబు నా వైపు జరిపింది. దుంప మెదిపి, కోడి చీల్చి, గ్రేవీ పోసి కలిపాను. నోట్లో పెట్టుకుంటే మొట్టమొదటి సారి నాకు, కారం లేకపోయినా వెలితి తెలియలేదు.

ప్రతి ముద్దకీ గుమ్మం వైపు చూస్తున్నాను. పావుగంట అయింది. అరగంట అయింది. ఇంతలో పిల్ల గబగబా లోపలికి వస్తోంది. అయిపోయింది అనుకున్నాను. ఎంగిలి చేత్తోనే లేచి, రెండో చేత్తో సంచీ అందుకున్నాను.

అది వచ్చి నా పక్క కుర్చీలో కూలబడింది. సంచీ తీసి పక్కన పెట్టింది. నా పళ్ళెంలోకి చూసింది.

"అలా కలిపావేంటమ్మా, బాగుందే. ఒక ముద్ద పెట్టవూ?"

"ఎంగిలే," అన్నాను. ఇందాకటి నుంచీ పదహారుమంది ముందు నేను కాపాడుకొచ్చింది ఆ ఒక్క మాటే.

"అయితే ఏం?" అని నోరు తెరిచింది.

పెట్టాను. నమిలి, మింగి, ఇంకో దానికి నోరు తెరిచింది. ఎదురుగా ఆ పెద్దావిడ తినడం ఆపి మమ్మల్నే చూస్తోంది. తరవాత తన పళ్ళెంలోని దుంప తీసి నా పళ్ళెంలో వేసింది.