బిస్కెట్ల డబ్బాలో కోపం

కారు కదిలితే చాలు, యేసురాజు అంకుల్‌కి కోపం వచ్చేది. ఉత్తర ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో ఆయన ఆ కోపాన్ని ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని తిరిగేవారు. సొంత కారు లేదు. ఎవరి కారు దొరికితే దాని టాప్ మీద అయస్కాంతపు ఏరియల్ కడ్డీని ఠప్పున అతికించి, సిగరెట్ లైటర్ సాకెట్‌లో వైరు గుచ్చి, డబ్బాలోంచి సీబీ రేడియో తీసేవారు. లారీ డ్రైవర్లు దారి కబుర్లు చెప్పుకునే రేడియో అది. దిగేటప్పుడు అన్నీ ఊడదీసి మళ్ళీ డబ్బాలోకి.

మా చర్చిలో తెలిసిన మాథ్యూ కొత్త కారుకి అద్దాల టాప్. అయస్కాంతం జారిపోయింది.

"అంత డబ్బు పోసి గాజుగ్లాసు కొన్నావేంటయ్యా!" అని చర్చి నుంచి ఇంటిదాకా తిట్టారు, ఏరియల్ ఒళ్ళో పెట్టుకుని.

రేడియో ఆయనదే అయినా మాట్లాడాల్సింది మాత్రం పక్కన కూర్చున్నవాళ్ళు. "నా ఇంగ్లీషు వాళ్ళకర్థం కాదు, నువ్వడుగు," అని మైకు చేతిలో కుక్కేవారు. మరి ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో ఉద్యోగం ఎలా నెట్టుకొస్తున్నారో నాకు అంతుపట్టేది కాదు.

2010లో, దక్షిణాన లండన్ దగ్గరి బ్రాక్‌నెల్‌లో ఒక కంపెనీ లైబ్రరీ నుంచి నాకు ఇంటర్వ్యూ వచ్చింది. అప్పటికే రెండు చోట్ల నోరు పెగలక తిరిగొచ్చాను. ఇదీ పోతే ఇండియాకి వెళ్ళిపోవడమే. తన కూతురు హెప్సి కారులో తనే నడిపి తీసుకెళ్తానన్నారు అంకుల్. నాకు ప్రాణం చచ్చిపోయింది.

"ముందు ట్రాఫిక్ ఎలా ఉందో అడుగు!"

అడిగాను.

"అది గొంతా, దోమా? గట్టిగా! చివర ఓవర్ అనవేం? నువ్వు ఓవర్ అనందే అవతలివాడు నోరు తెరవడు!"

లెస్టర్ దాటేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. మైకు బటన్ నొక్కే ఉందన్న సంగతి మరిచి అరిచాను.

"అంకుల్, మీరు మరీ ఓవర్!"

"ఆఁ, ఇప్పుడు పలికావు సరిగ్గా!" అన్నారు, కోపంగానే.

"సారీ డియర్, నేనేం చేశాను?" అన్నాడు రేడియోలో లారీ డ్రైవర్.

ఆ మంట చల్లారకముందే వెళ్ళి ముగ్గురి ఎదుట కూర్చున్నాను. వాళ్ళు అడిగినవాటికన్నా ఎక్కువే చెప్పాను. ఒకావిడ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది కూడా. అయినా ఉద్యోగం నీదే అన్నారు.

కార్ పార్క్‌లోకి వచ్చి నిలబడిపోయాను. అంకుల్ మైకులో అరుస్తున్నారు. ఇంగ్లీషులో! అదీ అచ్చం న్యూకాసిల్ ముసలివాళ్ళ యాసలో!

"మా పిల్ల లోపల ఇంటర్వ్యూలో ఉంది, మ్యాన్! ఈ వీధిలో ఎవరైనా హారన్ కొట్టారో, ఊరుకోను!"

"ఏంటి మేట్? మళ్ళీ చెప్పు," అంటోంది అవతలి గొంతు.

"ఇంత ఇంగ్లీషు పెట్టుకుని నన్నెందుకు చంపుకుతిన్నారు అంకుల్?" అని నిలదీశాను.

దొరికిపోయిన మొహం ఎర్రబడింది. "చూశావుగా! ఇందాకట్నుంచీ అరుస్తున్నా, ఈ దక్షిణ ఇంగ్లండ్‌వాడికి మన న్యూకాసిల్ ఇంగ్లీషు ఒక్క ముక్క ఎక్కితేనా! ఇంద, నువ్వు చెప్పు."

"ఇంటర్వ్యూ అయిపోయిందంకుల్. ఉద్యోగం ఇచ్చారు."

ఆయన మైకు నా చేతిలో కుక్కి మళ్ళీ కసిరారు.

"నాకు కాదు, వాడికి చెప్పు! ఇక కొట్టుకోమను హారన్!"

చెప్పాను. వీధి చివర ఒక లారీ హారన్ చాలాసేపు మోగింది.