పిలిస్తే తిరిగినాడా

"పిలిచినావా మే?"

"పిలిచినానవ్వా."

"తిరిగినాడా?"

"లేదవ్వా."

మా అవ్వా నేనూ చివరగా మాట్లాడుకున్న మాటలు ఇవే. అప్పటికి ఆమె మంచాన పడింది. చెవులు సరిగ్గా వినపడవు. నేను నోరు ఆమె చెవికాడ పెట్టి అరిచి చెప్పాల్సి వచ్చింది. వీధిలో ఎలక్షన్ల జీపు మైకు పెట్టుకొని పోతా ఉంది. లేదవ్వా అన్న మాట విని నవ్వుకొని అటు తిరిగి పడుకుంది. తెల్లారి లేవలేదు. ఎవర్ని పిలిచినావు, ఎవరు తిరగాలి అని నా మనవరాలు అడుగుతా ఉంది. చెప్తా. చెప్పింది చెప్పినట్టు రాయి పాపా, నీ సొగసులు కలపొద్దు. నాకు సంతకం వరకే వచ్చు.

నా చిన్నప్పుడు మా ఊరి బతుకంతా పులికాటు నీళ్లలోనే ఉండేది. ఆ నీళ్లకూ సముద్రానికీ మధ్యన ఇసక దిబ్బ, ఆ దిబ్బలో ఒకచోట దారి. దాన్ని మేము మొగ అంటాం. మొగ తెరుచుకొని ఉంటే సముద్రం నీళ్లు లోపలికొస్తాయి, వాటితోపాటు రొయ్యా చేపా వస్తాయి. ఆ ఏడు మొగ ఇసకతో పూడిపోయింది. వలేస్తే పాచి తప్ప ఏమీ పడేది కాదు. మద్రాసు హార్బరుకు పోయి మూటలు మోసుకుంటానని మా నాయన రోజూ అనేవాడు. నాయన పోకూడదు, పోకుండా ఉండాలంటే ఎవరో ఒకరు మొగ తవ్వించాల. నాకు తెలిసిన రాజకీయం అంతే.

అట్లాంటప్పుడు ఎలక్షన్లు వచ్చినాయి. నిలబడినాయన టౌను మనిషి. మంచి తెల్ల బట్టలు, మొహాన ఇంత బొట్టు. మా రేవులో జీపు దిగీ దిగగానే గంగమ్మ గుడి ముందర సాష్టాంగపడినాడు. తన కులదైవం కూడా గంగమ్మేనని, చిన్నప్పటినుంచి ఆమెను తలచుకోకుండా మెతుకు ముట్టలేదని చెప్పినాడు. గెలిస్తే మొదటి పని మొగ తవ్వించడమేనని కూడా చెప్పినాడు. ఆడోళ్లు కొందరు కళ్లు తుడుచుకున్నారు. నేనైతే మా నాయన చెయ్యి గట్టిగా పట్టుకున్నా, ఇంక నాయన యాడికీ పోడని.

ఆయన వెళ్లినాక ఆయన మనుషులు వెనక ఉండి మా రేవు పెద్దతో వేరే మాట మాట్లాడినారు. ఊరంతా వల మీద చెయ్యేసి ప్రమాణం చెయ్యాలంట, ఎప్పటికీ ఆయన గుర్తుకే ఓటని. మా రేవులో వల మీద ప్రమాణమంటే ఆట కాదు. తడి వల మీద చెయ్యేసి గంగమ్మ పేరు చెప్పి ఒక మాటంటే, అది మన బిడ్డల్ని కూడా కట్టేస్తుంది. మాట తప్పిన ఇంటి పడవ తిరిగి రాదని నమ్మకం. పెళ్లి సంబంధాలకు కూడా వల మీద చెయ్యెయ్యరు మావాళ్లు.

రేవు పెద్ద మంచోడే. మొగ పూడిపోయినప్పటినుంచి మనిషి సగమైపోయి ఉండినాడు. టౌనాయన మన గంగమ్మ భక్తుడంటే మనలో ఒకడే కదా, మనలో ఒకడికి మాటిస్తే తప్పేందని ఆయన వాదన. కుర్రోళ్లు ఒప్పుకోలేదు. టౌన్లో చదువుకునేటప్పుడు దేవుడూ లేదు గీవుడూ లేదని మీటింగుల్లో మాట్లాడింది ఈయనే కాదా అన్నారు. మొన్న పక్క ఊళ్లో ఇంకో దేవుడు కులదైవం అని చెప్పినాడంటనే అన్నారు. ఇంకొకడు, ఆయన బొట్టు తడి కూడా ఆరలేదు, జీపులో పెట్టుకొని దిగినాడు అన్నాడు. ఆ మాటకు అందరూ నవ్వినారు గానీ తేలింది లేదు. ప్రమాణం చెయ్యాలా వద్దా అనేదంతా ఆయన భక్తి నిజమా అబద్ధమా అన్నదాని మీదకొచ్చి నిలబడింది. భక్తి ఏమన్నా రొయ్యా, తట్టలో పోసి తూచేదానికి?

అప్పుడు మా అవ్వ, కుండ మొయ్యమనండి, చూద్దాం అనింది. గంగమ్మకు పొంగలి వండేది మా అవ్వే కాబట్టి ఆమె మాట ఎవరూ కాదనలేదు.

కుండ సంగతి చెప్పాల. మొక్కుకున్నోళ్లు పొంగలి కుండ నెత్తిన పెట్టుకొని నీళ్లలోకి దిగి ఆడ వదిలిపెట్టి, వెనక్కి తిరక్కుండా గుడిదాకా నడిచి రావాల. అమ్మ వాళ్ల వెనకాలే నడిచి వస్తుంది. వస్తా ఉందా లేదా అని ఒక్కసారి తిరిగి చూస్తే, నన్ను నమ్మలేదని ఆడనే నిలిచిపోతుంది. ఇది తెలిసి మా ఆడోళ్లు ఊరుకోరు. గట్టున కూర్చొని వెనకనుంచి పిలిచి అల్లరి పెడతారు. మా మేనత్త మొగుడు కొత్తల్లుడుగా వచ్చినప్పుడు, అయ్యో నీ పంచె ఊడిపోయిందయ్యా అని అరిచినారంట. ఆయన రెండు చేతులా పంచె పట్టుకున్నాడే గానీ తల తిప్పలేదంట.

టౌనాయన సరేనని మళ్లీ మా రేవుకొచ్చినాడు. ఎవరో పద్ధతంతా చెప్పి తీసుకొచ్చినట్టున్నారు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, కుండ నెత్తిన పెట్టుకొని బురదలో బాగానే నడిచినాడు. కుండ వదిలి, దండం పెట్టి, ఇటు తిరిగి బయల్దేరినాడు. మా ఆడోళ్లు మొదలుపెట్టినారు. సామీ నీ జీపు పోతా ఉంది అని ఒకామె, నీ పెండ్లాం వచ్చింది అని ఇంకొకామె. ఆయన నవ్వుకుంటా వస్తానే ఉన్నాడు. తిరగలేదు. రేవు పెద్ద మొహంలో వెలుగొచ్చింది. నా గుండెల్లో కూడా. ఇంక కొంచెం దూరమే, గుడి వచ్చేసింది.

మా అవ్వ నా జబ్బ గిల్లింది. మామా అని పిలవమనింది. నేను తల అడ్డంగా ఊపినా. ఆయన తిరక్కూడదని గంగమ్మకు నాకు తెలిసిన దండాలన్నీ పెట్టుకుంటా ఉన్నా నేను. మళ్లీ గిల్లింది. పిలిచినా.

"మామా!"

ఆయన తిరిగినాడు.

తిరగడమే కాదు, నాలుగడుగులు వెనక్కొచ్చి వంగి, "ఏం తల్లీ?" అన్నాడు. నేను మా అవ్వ కొంగు నోట్లో పెట్టుకున్నా.

గట్టు మీద గోల మొదలైంది. చూసినారా, నమ్మకం లేదు, దొంగ భక్తి అని కుర్రోళ్లు. పసిబిడ్డ పిలిస్తే అమ్మైనా తిరుగుతుంది, ఆయన మనసు మంచిది అని ఆయన మనుషులు. రేవు పెద్ద ఎటూ చెప్పలేక మా అవ్వ దిక్కు చూసినాడు. నాకైతే ఏడుపు వచ్చేసింది, మా నాయనను నేనే మద్రాసుకు తోలేసినట్టు.

మా అవ్వ తీరిగ్గా లేచింది. కుంకుమ తీసుకొని ఆయన నొసట పెట్టింది. అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"అయ్యా, నీ భక్తి నీకూ అమ్మకూ మధ్యన ఉండేది. దాన్ని చూసేదానికి నాకు కళ్లు లేవు. మా బిడ్డ పిలిస్తే తిరిగినావు, అది చూసినా. గెలిచినాక కూడా పిలుస్తుంది. అప్పుడు కూడా తిరిగితే, ఆ రోజు నేనే ముందు వల మీద చెయ్యేస్తా."

రేవు పెద్దకు చెప్పింది, ఓటు ఎవరిది వాళ్లు వేసుకోండి, అమ్మను మాత్రం ఈ బేరంలోకి లాగొద్దని. ప్రమాణం ఆగిపోయింది.

మా రేవులో చానామంది ఆయనకే వేసినారు. మా నాయన కూడా. ఆయన గెలిచినాడు. వానలొచ్చినాయి, పోయినాయి. మొగ కాడికి ఒక్క పార కూడా రాలేదు. రేవు పెద్ద ఆయన ఇంటికి పోయి వాకిట్లో కూర్చొని వచ్చినాడు.

ఒకరోజు దొరవారిసత్రంలో ఏదో బిల్డింగు తెరిచేదానికి ఆయన వస్తాడని తెలిసింది. మా అవ్వ నన్ను తీసుకొని బస్సెక్కింది. అప్పటికి మా నాయన పెట్టె సర్దుకొని ఉన్నాడు. జనంలో తోసుకొని తోసుకొని మేము ఆయనకు బాగా దగ్గరగా పోయినాం. ఆయన పూలదండల్తో జీపు దిక్కు నడుస్తా ఉన్నాడు. మా అవ్వ నన్ను చంకన ఎత్తుకొని, అప్పుడు పిలిచినట్టే పిలవ్వే అనింది. ఈసారి గిల్లే పని లేదు. నా గొంతు ఎంతుందో అంతా పెట్టి మామా అని అరిచినా. వినపడింది. పక్కనున్నోళ్లంతా తిరిగి చూసినారు. ఆయన మెడ మాత్రం కదల్లేదు. మళ్లీ పిలిచినా. జీపెక్కినాడు, పోయినాడు.

నేను ఏడుస్తా ఉంటే మా అవ్వ కొంగుతో నా ముక్కు తుడిచింది.

"ఇప్పుడు కుదిరింది మే ఆయనకు భక్తి. వెనక్కి తిరగడమే లేదు."

అని పకపకా నవ్వింది. బస్సులో దారి పొడుగునా కిటికీలోనుంచి చూస్తా కూర్చుంది. మా నాయన ఆ వారమే మద్రాసు పోయినాడు. గంగమ్మ తిరునాళ్లకు వస్తే వచ్చేవాడు, లేకుంటే లేదు. ఆయన చేతులనుంచి వల వాసన పోయి బస్తాల వాసన వచ్చింది.

మళ్లీ ఎలక్షన్లకు ఆయన ఇంకా పెద్ద బొట్టుతో వచ్చినాడు. మేము దండం పెట్టినాం, మజ్జిగ ఇచ్చినాం, పంపించేసినాం. మా చేతుల మీద ఏ ప్రమాణమూ లేదు కదా. ఎవరికి ఇష్టమైతే వాళ్లకు వేసుకున్నాం. ఆ రోజు వల మీద చెయ్యేసి ఉంటే, మొగ పోయె, మా నాయన పోయె, దాంతోపాటు మా మాట కూడా ఆయన జేబులోకి పోయుండేది. మా అవ్వ మాకు మిగిల్చింది అది.

ఇప్పుడు నీ ఫోనులో ఒక లీడరు నీళ్లలో మునిగి లేస్తా ఉంటే, నిజం భక్తా దొంగ భక్తా అని నువ్వూ మీ నాయనా అన్నం కాడ కూడా కొట్లాడుకుంటా ఉన్నారు. నాకు తెలీదు పాపా. మీ తాతతో అన్నేళ్లు కాపురం చేసినా, దీపం ముందర కళ్లు మూసుకొని ఆయనేం అడుగుతా ఉండినాడో నాకు తెలీకుండానే పోయినాడు. ఫోనులో మనిషి సంగతి నాకేం తెలుస్తుంది? ఎవరు ఓటడగను వచ్చినా నేను బొట్టు చూడను. వాకిలి దాటి పోయినాక వెనకనుంచి ఒకసారి పిలుస్తా. అన్నా అనో, అబ్బయ్యా అనో. మా అవ్వ మంచంలో ఉన్న రోజున కూడా, జీపు వినపడి కాదు, ఇల్లు అదిరితే తెలిసి, పోయి పిలవ్వే అని నన్ను తోలింది. అప్పటికి నేను ఇద్దరు బిడ్డల తల్లిని. అయినా పోయి పిలిచినా.

తిరిగినోళ్లు లేకపోలేదు. వాళ్లను మళ్లీ గెలిచినాక పిలవాల, అంతే.

ఇంక చాల్లే, గొంతు పట్టేసింది. రాసిందంతా మొదట్నుంచి చదువు, విందాం. మామా అని పిలిచిన కాడ మాత్రం గట్టిగా చదువు మే, మా అవ్వకు చెవులు వినపడవు.