పిన్ని కంచంలో తోటకూర

మేం అరసవల్లి దగ్గరి కాలనీకి వచ్చిన కొత్తల్లో, ఖాళీ స్థలాన్ని మళ్లుగా చేసి కూరగాయలు వేసుకోమని ఇంటికొకటి ఇచ్చారు. నేను నర్సుని. అంతకుముందు ఒక్క మొక్కా నాటి ఎరగను. ఫాల్గుణంలో వంగ వేశాను. పక్క మడి, చేపల వ్యాపారం మానేసిన అప్పలనరసమ్మ పిన్నిది. ఆమె తోటకూర వేసింది.

ఒక ఆదివారం నైట్ డ్యూటీ దిగి, కళ్లు మూతలు పడుతుండగానే మడికి వెళ్లాను. వంగకు పేను పట్టింది. కాలనీ సామాన్ల గదిలోని స్ప్రేయర్‌లో వేపనూనె ఉందనుకుని కొట్టేశాను. గాలికి తుంపర పిన్ని మడి మీదా పడింది. ఇంటికెళ్లి పడుకున్నాను.

మధ్యాహ్నం వాచ్‌మన్ తలుపు కొట్టాడు.

"అమ్మా, స్ప్రేయర్ మీరు తీసినారా? బాటలో గడ్డి సావడానికి మందు కలిపి ఉంచినాను."

ఆదివారం పిన్ని ఆకు కోసుకుంటుందని గుర్తొచ్చింది. ఆసుపత్రిలో ప్రతి సీసా మీద పేరు రెండుసార్లు చదివే నేను, చెప్పులు కూడా వేసుకోకుండా పిన్ని ఇంటికి పరుగెత్తాను. పిన్ని తోటకూర కలిపిన తొలి ముద్ద ఎత్తుతోంది.

"పిన్నీ, తినకు! దాని మీద మందు పడింది, నేనే కొట్టాను!"

ఆమె ముద్ద వదిలేసింది. అంతా విని, గొయ్యి తీసి కూర అందులో పోసి మట్టి కప్పింది. చేతులు కడుక్కుని వచ్చి నన్ను చూసింది.

"ఏటే, మొహం అలాగైపోనాది? ఇంకా ఏటీ తిన్నేదా? కూకో. సద్దన్నం ఉన్నాది, ఇద్దరం తిందుం."

వారం తిరిగేసరికి రెండు మళ్లూ మాడిపోయాయి. ఎండిన మొక్కలు ఆమె నాతో కలిసి పీకింది. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేదేమో.