వదిన తీసిన చీకటి ఫొటో

నిన్న పొద్దున్నే వదిన పక్కింటావిడ ఫోన్.

"పద్మా, బేగి రా. మీ వదిన లెగట్లేదు."

ఆ మాట బుర్రకెక్కలేదు. తుమ్మపాల నుంచి అనకాపల్లి వరకూ ఆటోలో, అన్నయ్యకే ఏదో అయిందనుకుంటూ వెళ్లాను.

వదినకి నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా రాజేశ్వరి వదిన ఫిజిక్స్ టీచర్. అన్నయ్యకి పక్షవాతం వచ్చి మాట పోయాక ఉద్యోగం మానేసింది. తను కాసేపు కనపడకపోతే చాలు, అన్నయ్య ఏడ్చేవాడు. దగ్గర నేను కూర్చున్నా ఊరుకునేవాడు కాదు.

వదినకి మిగిలింది మేడ. దాని మీద ఒక సెకండ్‌హ్యాండ్ టెలిస్కోప్.

తను తీసిన చంద్రుడి ఫొటోలకి మీలో చాలామంది లైక్ కొట్టారు. కానీ తనకి కావలసింది డార్క్ నెబ్యులా. వెనకున్న నక్షత్రాలు కనపడకుండా అడ్డం నిలిచిన దుమ్ము మేఘం. మా వీధి లైట్లలో అది ఫొటోకి చిక్కదు.

ఒకసారి నక్కపల్లి దాటాక చీకటిగా ఉండే పొలాలకి వెళ్దామని ఆటో మాట్లాడాను. టెలిస్కోప్ ఎక్కించాం. వదిన చెప్పులేసుకుంది.

లోపల అన్నయ్య ఏడుపు.

"దింపేయ్ పద్మా. మరోసారి సూద్దాం."

ఆ మరోసారి రాలేదు.

కిందటేడు తుఫానుకి ఊరంతా కరెంటు పోయింది. వాన వెలిశాక ఆకాశం కడిగినట్టుంది. చీకటి పడగానే వదిన నన్ను మేడ మీదికి లాక్కెళ్లింది. ఇన్వర్టర్ అన్నయ్యకి ఒళ్లు పుండ్లు పడకుండా వేసిన గాలి పరుపుకి కావాలి. అందుకని స్కూటీ బ్యాటరీ విప్పి టెలిస్కోప్‌కి తగిలించింది. శ్రవణా నక్షత్రం పక్కకి తిప్పి ఫొటో మీద ఫొటో తీసింది.

మధ్యలో కింద నుంచి అన్నయ్య కేక. పరుగున దిగడం, మళ్లీ ఎక్కడం. ఎన్నిసార్లో.

కరెంటొచ్చాక అవన్నీ లాప్‌టాప్‌లో కలిపింది. చుక్కల మధ్య నల్లగా, చిరిగిన గుడ్డలా ఆ దుమ్ము మేఘం కనపడింది.

"ఇక్కడ సుక్కల్లేవు గదా వదినా?"

"ఉన్నాయి పద్మా. మనకి అగుపించవంతే."

ఎంత సంతోషమో ఆ ముఖంలో! లాప్‌టాప్ తీసుకెళ్లి అన్నయ్య ముందు పెట్టింది. అన్నయ్య ఫొటో చూడలేదు. వదిన చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

వదిన కూడా విడిపించుకోలేదు.

నిన్నటి నుంచి అన్నయ్య దగ్గర నేనున్నాను. తలుపు వైపే చూస్తున్నాడు. ఏడవడం కూడా లేదు. ఈ పోస్ట్ వంటింట్లో నిలబడి టైప్ చేస్తున్నాను. ఒక్క రోజుకే గోడలు మీదికొస్తున్నట్టుంది.

వదిన ఈ గోడల మధ్యే ఏళ్లపాటు ఉంది.

వెళ్లు వదినా. ఎవరూ వెనక్కి పిలవని చోట ప్రశాంతంగా ఉండు.