చెల్లించం కాదు, చెల్లదు

శనగపప్పు మెత్తగా ఉడికి అందులో బెల్లం కరుగుతున్నప్పుడు వచ్చే వాసన తలుపులు వేసినా ఆగదు. నిన్న సాయంత్రం సింగపూర్‌లో, మా బిషాన్ పేటలో, మా అంతస్తుకు చేరి లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఆ వాసన ఎదురొచ్చింది. ఎవరింట్లోనో బొబ్బట్లకి పూర్ణం ఉడుకుతోంది. కూరగాయల సంచీ చేతిలో ఉండగానే అలా నిలబడిపోయాను. పూర్ణం వాసన తగిలితే అందరికీ పండుగ గుర్తుకొస్తుంది, నాకేమో అమెరికా గుర్తుకొస్తుంది. నేనెన్నడూ చూడని అమెరికా, అదీ దాదాపు రెండు వందల ఏళ్ళ కిందటిది. దాన్ని నాకు చూపించిన సుశీల టీచరుగారు గుర్తుకొస్తారు.

మా వరండా చివరి ఇల్లు ఆవిడది. తాతల నాడు విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆవిడ పుట్టిందీ, పెరిగిందీ, ఏళ్ళ తరబడి బడిలో చరిత్ర పాఠం చెప్పిందీ సింగపూర్‌లోనే. ఆవిడ తెలుగుకి ఒక పక్క తమిళం, మరో పక్క మలయ్ అంటుకుని ఉండేవి. భోంచేశావా అనడానికి బదులు "మకాన్ అయిందా రత్నం?" అనేవారు. నేను మా అమ్మాయి దగ్గరికి వచ్చి ఉండేనాటికి టీచరుగారికి చూపు మసకబారింది. పుస్తకం పట్టుకోలేరు. మధ్యాహ్నాలు కాస్త తోడుగా కూర్చోమని మా అమ్మాయి పంపింది. చదివి వినిపించమంటారేమోనని భయపడి, ముందే చెప్పేశాను, నా చదువు అయిదో తరగతితో ఆగిందని.

"చదవడానికి నువ్వెందుకమ్మా? ఆ పుస్తకాలన్నీ నా బుర్రలోనే ఉన్నాయి. నాక్కావలసింది వినేవాళ్ళు. విని, తిరిగి చెప్పేవాళ్ళు" అన్నారావిడ.

అలా మొదలైంది. ఒక రోజు ఆవిడ చెప్పేవారు, మర్నాడు నేను తిరిగి చెప్పేదాన్ని. అంతటితో వదిలేవారు కాదు. ఆ మర్నాడు అదే కథ ఎదుటిపక్షం నుంచి చెప్పమనేవారు. రాజు వైపు చెబితే, ఆ రాజు మీద తిరగబడ్డవాడి వైపు కూడా చెప్పాలి. ఆ రెండోవాడు బతికి వచ్చి వింటే, అవును, నా మాట ఇదే అనాలి. అప్పుడే నాకు కథ వచ్చినట్టు.

అమెరికా సుంకాల తగాదా అలాగే నేర్చుకున్నాను. అప్పటికింకా కొత్త కాపురం ఆ దేశానిది. ఒక కప్పు కింద చేరిన తోడికోడళ్ళలాంటివి రాష్ట్రాలు. ఉత్తరాన మిల్లులున్నాయి, దక్షిణాన పత్తి పొలాలున్నాయి. విదేశాల నుంచి వచ్చే బట్టల మీద, సరుకుల మీద కేంద్రం పెద్ద సుంకం వేసింది. ఉత్తరాది మిల్లులు పచ్చగా ఉన్నాయి. దక్షిణాదివాళ్ళకి మాత్రం కొనే ప్రతి వస్తువూ భారమైంది. తన సరుకు ఇక్కడ అమ్ముడుపోకపోతే ఇంగ్లండువాడు తమ పత్తి కొనడం తగ్గించేస్తాడని బెంగ కూడా పట్టుకుంది. దక్షిణ కరొలైనా అనే రాష్ట్రం ఎదురుతిరిగింది. నేను ఇక్కడిదాకా చక్కగా వచ్చి, "వాళ్ళు సభ పెట్టి, మేము ఈ సుంకం చెల్లించం అన్నారండీ" అన్నాను.

టీచరుగారు అరచెయ్యి ఎత్తి ఆపేశారు. "తప్పు. ఏమన్నారో మళ్ళీ చెప్పు."

"చెల్లించం అన్నారు."

"చెల్లించం అనేవాడు పన్ను ఎగ్గొట్టేవాడు. వాడిని పట్టుకుని జైల్లో పెడితే అయిపోతుంది. వాళ్ళన్నది అది కాదు రత్నం. చెల్లదు అన్నారు. మా గడప లోపల మీ చట్టం చెల్లదు, అసలది చట్టమే కాదు అన్నారు. చూడు, ఒక్క మాట మారితే గొడవ ఎక్కడికి పోయిందో!"

నిజమే కదా అనిపించింది. చెల్లించం అంటే డబ్బు గొడవ. చెల్లదు అంటే ఇంటికి పెద్ద ఎవరన్న గొడవ. అధ్యక్షుడికి మండిందీ అందుకే. ఉపాధ్యక్షుడు ఆ రాష్ట్రంవాడే, పేరు బయటపడకుండా ఆ వాదనంతా రాసిపెట్టిందీ ఆయనే. ఒక విందులో ఇద్దరూ గ్లాసులెత్తారట. మన కలయిక నిలిచి తీరాలి అన్నాడు అధ్యక్షుడు. కలయిక మాకూ ప్రియమే, కానీ మా స్వేచ్ఛ తర్వాతే అన్నాడు ఉపాధ్యక్షుడు. ఆ పూట ఆ విందులో ఎవరికీ ముద్ద దిగి ఉండదు.

దక్షిణాది వైపు నుంచి చెప్పిన రోజున నాకే గొంతు లేచింది, స్వేచ్ఛ స్వేచ్ఛ అంటూ. చెబుతూ చెబుతూ సందేహం వచ్చి ఆగాను. "టీచరుగారూ, ఆ పత్తి తీసిందెవరండీ?"

"బానిసలు."

"మరి వాళ్ళ వైపు ఎప్పుడు చెప్పమంటారు?"

ఆవిడ నా వైపు మొహం తిప్పారు. "ఇన్నేళ్ళు పాఠం చెప్పాను. పరీక్షలో ఎన్ని మార్కులకొస్తుందని అడిగారు గాని, ఇది ఎవరూ అడగలేదు" అని నా చెయ్యి వెతికి పట్టుకున్నారు. ఆ మూడో వైపు కథ కోసం మళ్ళీ ఒక వారం పట్టింది మాకు.

ఇక పూర్ణం సంగతి. మా ఆయన తువాస్ ఓడల యార్డులో ఏళ్ళ తరబడి వెల్డింగు చేశారు. డార్మిటరీలో ఉండి, పొద్దున ఎప్పుడో కట్టిన పొట్లం మధ్యాహ్నం చల్లగా తిని పనిచేసిన మనిషి. ఒక్క ఉగాదికీ వేడి అన్నం ఎరగరు. ఆయన పోయాకే నేను ఊరి నుంచి ఇక్కడికి వచ్చాను కాబట్టి, ఉగాది తర్వాత వచ్చే ఆదివారం తువాస్ కుర్రాళ్ళకి మన చేతి భోజనం, బొబ్బట్లతో సహా, పట్టుకెళ్ళాలని ఒక పట్టు పట్టాను. మా బిషాన్ ఆడవాళ్ళూ, పక్కపేట సెరంగూన్ ఆడవాళ్ళూ కలిశారు. నాకది ఆయనకి పెట్టలేకపోయిన విస్తరి. ఆగిపోవడానికి వీల్లేదు.

ఆగిపోయేంత పని అయింది ఒక ఏడు. మా బిషాన్‌లో పద్మ పెద్దరికం చేసేది. చేతి బొబ్బట్టు అంటే ప్రాణం ఆ పిల్లకి. కొన్న బొబ్బట్లు తెచ్చేవాళ్ళు అదనంగా ఒక గుండిగ పులిహోర కలిపి తేవాలని నియమం పెట్టింది. సెరంగూన్‌లో అందరూ ఉద్యోగస్థులు. వాళ్ళ తరఫున బ్యాంకులో పనిచేసే లావణ్య వచ్చింది. మా బ్లాకు కింద బల్లల దగ్గర మాటామాటా పెరిగింది.

"పులిహోర తేలేం అనట్లేదు పద్మక్కా. మమ్మల్నడక్కుండా పెట్టిన రూలు మా సెరంగూన్‌లో చెల్లదు, అంతే!"

"చెల్లదా? అయితే లారీ కూడా రాదు. లారీ మా ఆయన కంపెనీది."

"వద్దులే. మా వంట మేం విడిగా చేసుకుంటాం. మేమే పట్టుకెళ్తాం."

"ఎలా, ఎంఆర్టీ రైల్లో గుండిగ ఒళ్ళో పెట్టుకునా?"

చెల్లదు అన్న మాట చెవిన పడగానే నాకు దక్షిణ కరొలైనా గుర్తుకొచ్చింది. పరుగున టీచరుగారి దగ్గరికి పోయి, కిందకి దిగి నాలుగు మాటలు చెప్పమని బతిమాలాను.

"నేను రాను. నేనొస్తే టీచరమ్మకి భయపడి తలూపుతారు. అది ఒప్పుకోవడం కాదు. నువ్వెళ్ళు. కథ నీకు వచ్చుగా" అన్నారు.

వెళ్ళాను. ఇద్దరినీ కూర్చోబెట్టి దక్షిణ కరొలైనా కథ ఎత్తుకున్నాను. "ఇప్పుడీ అమెరికా ఏంటి ఆంటీ!" అని లావణ్య నవ్వింది. విందులో గ్లాసులెత్తే చోటికి వచ్చేసరికి ఇద్దరూ ఫోన్లు బల్ల మీద బోర్లించారు. అధ్యక్షుడు సైన్యాన్ని పంపే అధికారం అడిగాడనీ, ఆ చేత్తోనే సుంకం తగ్గించడానికి దారి ఇచ్చాడనీ చెప్పి ఆపాను. "మిగతాది తర్వాత. ముందు లావణ్య మాట పద్మ చెప్పాలి. పద్మ మాట లావణ్య చెప్పాలి."

పద్మ మొహం మాడ్చుకునే మొదలుపెట్టింది. "నేను లావణ్యని. ఏడింటికి ఆఫీసు నుంచొస్తా. పిల్లకి హోంవర్కు. అప్పుడు పప్పు నానబెట్టి, ఉడకబెట్టి, రుబ్బి..." అక్కడ ఆగిపోయింది. "అయ్యో, ఎప్పుడు చేస్తావే నువ్వు?"

లావణ్య గొంతు సవరించుకుంది. "నేను పద్మని. ఆ కుర్రాళ్ళకి కొన్న బొబ్బట్లు తేలిగ్గా ఎక్కడైనా దొరుకుతాయి. అమ్మ చేసినట్టుండేది దొరకదు. అందరూ కొనుక్కొచ్చేస్తే ఇంక నేనొక్కదాన్నే పిచ్చిదానిలా ఒత్తుతూ కూర్చోవాలి."

పద్మ కళ్ళు చెమర్చాయి. "అవునే. అదే నా బాధ."

తర్వాత ఎంతోసేపు పట్టలేదు. అక్కడ సుంకాన్ని ఏటా కొంచెం కొంచెంగా దించుకుంటూ పోయి రాజీపడ్డారని చెప్పాను. మావాళ్ళూ అదే దారి పట్టారు. ఈ ఏడు అర గుండిగ, వచ్చే ఏడు పావు, ఆపైన నియమమే ఉండదు. లేవబోతూ లావణ్య వేలెత్తింది. "ఒప్పుకున్నాం. కానీ అక్కా, లారీ ఇవ్వనన్నావు చూడూ, ఆ మాట మాత్రం మా సెరంగూన్‌లో చెల్లదు!"

"ఇస్తున్నానుగా తల్లీ ఇప్పుడు!"

"ఇచ్చినా సరే. ఆ మాట చెల్లదు లా!" అంది, సింగపూర్ వాళ్ళ 'లా' తగిలించి.

నాకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని బల్ల మీదకి వాలిపోయాను. ఎందుకంటే ఆ పిల్లకి నేనింకా చెప్పని ముగింపు అదే. సుంకం తగ్గాక దక్షిణ కరొలైనావాళ్ళు తమ మొండి తీర్మానం వెనక్కి తీసుకున్నారు. ఊరికే ఇళ్ళకి పోతే పరువేం కావాలి? సైన్యాన్ని పంపే చట్టం మాత్రం మా దగ్గర చెల్లదని ఒకటి ప్రకటించి మరీ లేచారు. అప్పటికి ఆ సైన్యంతో ఎవరికీ పనే లేదు. ఆ మాట చెప్పగానే బ్లాకు కింద నవ్వులు పైఅంతస్తులకి వినపడ్డాయి. చీనా తాతలు చెస్సు ఆపి మావైపు చూశారు.

ఆ ఆదివారం లారీ గుండిగలతో నిండిపోయి తువాస్ వెళ్ళింది. కుర్రాళ్ళు వరస కట్టారు. వేడి అన్నం ఆవిరి మొహానికి తగులుతుంటే నేను వడ్డించాను. ఒక శ్రీకాకుళం అబ్బాయి చేతి బొబ్బట్టు సగం కొరికి, ఇంకొకటి కోసం చెయ్యి చాచాడు. పద్మ మోచేత్తో లావణ్యని పొడిచింది. "చూశావా?" లావణ్య రెండు పెట్టింది వాడికి.

ఇదంతా టీచరుగారికి పూస గుచ్చినట్టు చెప్పాను. మర్నాడు నేను వెళ్ళేసరికి ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. "కూర్చో. ఇవాళ నేను తిరిగి చెప్తాను, తప్పులుంటే ఆపు" అని నా కథని నాకే చెప్పారు. పద్మ వైపు చెప్పారు, లావణ్య వైపు చెప్పారు. నేను చెప్పని నా వైపు కూడా చెప్పారు. అందులో మా ఆయనా, ఆ చల్లటి పొట్లమూ ఉన్నాయి. ఆపడానికి ఒక్క తప్పు దొరకలేదు నాకు.

టీచరుగారు కాలం చేసి కొన్నేళ్ళయింది. ఇప్పుడు మా రెండు పేటల్లో ఏ ఇంట్లో మాట పెళుసైనా నాకు ఫోనొస్తుంది. ఎవరు పిలిస్తే వాళ్ళ ఇంటికి తిన్నగా వెళ్ళను. ముందు ఎదుటివాళ్ళింటికి వెళ్ళి, అక్కడ టీ తాగి, వాళ్ళ వైపు కథ విని, అప్పుడు పిలిచినవాళ్ళింటికి వస్తాను.