హనపేపే మలుపులో ఎర్ర ట్రక్కు

రోజూ పొద్దున్న కోర్టుకు వెళ్లేముందు రోవేనా దుమ్లావ్ హనపేపే ఊరి మలుపులో రోడ్డు పక్కన నిలబడి చేయి ఊపుతుంది. మెడలో పూలదండ, చేతిలో తన పేరున్న అట్ట బోర్డు, కాళ్లకు రబ్బరు చెప్పులు. కోర్టు బూట్లు కారులో ఉంటాయి. హవాయిలోని ఈ కౌవాయి దీవిలో శాసనసభకు పోటీ చేసేవాళ్లెవరైనా ఇలా నిలబడాల్సిందే. నచ్చినవాళ్లు హారన్ కొడతారు. నచ్చనివాళ్లూ చేయి ఊపుతారు. ఊపకపోతే సాయంత్రానికల్లా వాళ్లమ్మకు తెలిసిపోతుంది.

మొదటిసారి పోటీ చేసిన ఏడు ఆ దారినే రోజూ ఒక పాత ఎర్ర ట్రక్కు వెళ్లేది. హారన్ కొట్టేది కాదు. నడిపే మనిషి తల కూడా తిప్పేవాడు కాదు. ఆయన రోవేనా తండ్రి, ఫ్లోరెంతినో.

"మా అన్నయ్యకు మెడ పట్టేసినట్టుంది. నూనె రాసి తోమాలి," అనేది పక్కన ఇంకో బోర్డు పట్టుకున్న మేనత్త, ఆంటీ నెల్డా. రోవేనా నవ్వేది. కానీ ఆ ట్రక్కు మలుపు దాటేదాకా ఊపిన చేయి దించేది కాదు. ఊరంతా హారన్లు మోగించినా ఆ ఒక్క హారన్ కోసమే ఆమె చెవులు ఎదురుచూసేవి.

ఫ్లోరెంతినో చెరకు నరికి బతికినవాడు. మిల్లు మూతపడ్డాక ఆయనకు బడిలో తోటపని ఇప్పించింది ఆ ప్రాంత శాసనసభ్యుడు తనిగుచి. ఆ జీతంతోనే రోవేనా హోనొలులులో లా చదివింది. అక్కడి పెద్ద ఆఫీసులు రమ్మన్నా వినకుండా తిరిగొచ్చి, చేపల దుకాణం పక్కన చిన్న గదిలో లాయరుగా కూర్చుంది. చెరకు తోట భూములు కొన్న కంపెనీ, పాత కూలీలు ఉంటున్న క్యాంపు ఇళ్లు ఖాళీ చేయమన్నప్పుడు, ఆ కుటుంబాల తరఫున ఏళ్లతరబడి వాదించింది. తీర్పు వచ్చిన రోజు క్యాంపు ముసలమ్మలు కోర్టు ముందు గడ్డి మీద చాపలు పరిచి, అన్నం, వంకాయ బెండకాయ పులుసు అందరికీ వడ్డించారు. కంపెనీ లాయరు కూడా రెండోసారి పెట్టించుకున్నాడు. ఒక్క ఇల్లూ ఖాళీ కాలేదు.

గెలిచిన కేసు ఒక్క క్యాంపునే కాపాడుతుంది. మిగతావాటికి చట్టం మారాలి. తనిగుచి చాలాకాలంగా ఆ కుర్చీలో ఉన్నారు, అలసిపోయారు. అందుకే రోవేనా నామినేషన్ వేసింది. ఆ సంగతి తండ్రి రేడియోలో విన్నాడు. తనిగుచి కూడా రేడియోలోనే విన్నారు.

"నా కంచెకు నీ బోర్డు కట్టను," అన్నాడు తండ్రి.

"ఎప్పుడో పని ఇప్పించారని బతికున్నన్నాళ్లూ ఆయనకే ఓటేస్తావా నాన్నా?"

ఆయన గొట్టం తీసుకుని మొక్కలకు నీళ్లు పట్టాడు.

చివరికి ఆంటీ నెల్డాయే ఉండబట్టలేకపోయింది. "పిచ్చి పిల్లా, మీ నాన్న కోపం పోటీ చేసినందుకు కాదే. ముందు ఆ తనిగుచి పెద్దాయన గుమ్మంలోకి వెళ్లి చెప్పలేదు నువ్వు. ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నాడు."

"నామినేషన్ వేసినట్టు పేపర్లో ప్రకటన వచ్చింది కదా ఆంటీ!"

"అది కోర్టువాళ్ల పద్ధతి. మనం చెప్పులు విడిచి ఇంట్లోకెళ్లి చెప్తాం. అంత చదివావు, ఇది మర్చిపోయావు."

ఆదివారం రోవేనా కొబ్బరిపాలతో బియ్యప్పిండి కేకు చేసుకుని తనిగుచి ఇంటికి వెళ్లింది. వాకిట్లో చెప్పులు విడిచి, వాటిని రెండుసార్లు సర్ది పెట్టింది. కోర్టు గుమ్మంలో ఎన్నడూ ఇంత తటపటాయించలేదు.

"ఏంటమ్మా లాయరూ, ఇప్పటికి గుర్తొచ్చానా?"

"తప్పయిపోయింది అంకుల్. ముందే రావాల్సింది. మీ మీద పోటీ చేస్తున్నాను."

"తెలుసులే, మా రేడియో ఇంకా పనిచేస్తోంది." ఆయన గిన్నె మూత ఎత్తారు. "మీ అమ్మ చేసినట్టు చేశావా?"

"అడుగు కాస్త మాడింది."

"అయితే నా ఓటు పోయినట్టే." ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. "జాలి పడతాననుకోకు. ఓడిస్తాను."

"మీరూ జాగ్రత్తగా ఉండండి అంకుల్."

ఆయన పెద్దగా నవ్వి లోపలికి కేకేశారు. "ఇదిగో, టీ పెట్టు! శత్రువొచ్చింది!"

ఇంటికొచ్చాక తండ్రి అడిగాడు. "చెప్పులు విడిచావా?"

"విడిచాను నాన్నా."

"ఏమిచ్చి పంపారు?"

ఆమె సంచీలోని బొప్పాయిలు చూపించింది. ఆయన ఒకటి తీసి వాసన చూసి, కోసుకుతిన్నాడు.

మర్నాడు పొద్దున్న ఎర్ర ట్రక్కు వంతెన అవతల ఉండగానే హారన్ మొదలుపెట్టింది. మలుపు దాకా ఆగలేదు. ఫ్లోరెంతినో ఇస్త్రీ చొక్కాతో దిగి చెల్లెలి చేతిలోని బోర్డు లాక్కున్నాడు.

"నువ్వు పట్టుకుంటే పేరు కనబడట్లేదు."

"తలకిందులుగా పట్టుకున్నావన్నయ్యా!"

ఆయన వినిపించుకోలేదు. వచ్చే ప్రతి కారుకూ "మా అమ్మాయి! మా అమ్మాయి!" అని అరుస్తున్నాడు. రోవేనాకు ఎదురుగా వచ్చే కార్లు మసకగా కనిపించాయి. అయినా చేయి ఊపుతూనే ఉంది.

ఆ ఏడు కొద్ది ఓట్ల తేడాతో తనిగుచి గెలిచారు. ఈసారి ఆయన నిలబడటం లేదు, రోవేనా నిలబడింది. ఓటింగు ఆగస్టులో. అందాకా రోజూ తొమ్మిదింటికల్లా ఆమె బూట్లు మార్చుకుని కోర్టులో ఉంటుంది.