చెరువు అన్న మాట

నేను ఒక మాట సరిదిద్దలేదు. నేను చేసిన తప్పు అంతే. పైకి అది తప్పులా కూడా కనిపించదు, అందుకే ఇన్నేళ్ళలో ఎవరూ నన్ను అడగలేదు. నిలదీసి ఉంటే ఏదో ఒకటి చెప్పి బయటపడేవాణ్ణి. అడగకపోవడం వల్లే అది నా గుండెల మీద అలాగే కూర్చుండిపోయింది. నా పేరు మీకు చెప్పను. నేను పనిచేసే విశ్వవిద్యాలయం పేరూ చెప్పను. మిగతాది దాచకుండా చెప్పాలనే కూర్చున్నాను.

పల్లెలకు వెళ్ళి జనానికి కొత్త పనులు నేర్పే విభాగంలో నా ఉద్యోగం. కళ్యాణదుర్గం దగ్గర పుట్టినవాణ్ణి. శనక్కాయ పంట గురించి, వాన నీళ్ళు నిలుపుకోవడం గురించి జిల్లా అంతా తిరిగి చెప్పాను. వినేవాళ్ళు విన్నారు, లేచిపోయేవాళ్ళు లేచిపోయారు. తర్వాత మావాళ్ళు చేపల పథకం తెచ్చారు. చిలమత్తూరు పక్కన ఒక ఊళ్ళో ఆడవాళ్ళ సంఘం గుంట తవ్వుకుని చేపలు పెంచుతుంది. సెలవు రోజుల్లో బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళు గట్టు మీద కూర్చుని గాలాలు వేసుకుంటారు, పట్టిన చేపను ఆడవాళ్ళే వండిపెడతారు. ఇటుక బట్టీలకు వలసపోకుండా ఊళ్ళోనే బతికే దారి అది. అది మా అమ్మ పుట్టిన ఊరు. ఆ పని నాకే వస్తుందనుకున్నాను.

రాలేదు. చేపల చదువు చదివిందని గోదావరి వైపు నుంచి వాసంతి అనే అమ్మాయిని తీసుకొచ్చారు. నాకంటే చాలా చిన్నది. నన్ను ఆమెకు తోడుగా వేశారు.

ఆమె మంచిది. ఇది రాయడానికే నాకు చేయి ఆడడం లేదు. పొగరుబోతు అయి ఉంటే నాకు ఎంత తేలికయ్యేది! ఆమె ఆడవాళ్ళతో పాటు నేల మీద కూర్చునేది, వాళ్ళు పెట్టిన సంగటి తినేది. చిన్న చేపను పట్టకూడదని, కన్ను పెద్దదిగా ఉన్న వలే వాడాలని, గుడ్లు పెట్టే కాలంలో నీళ్ళను కదపకూడదని చెబుతుంటే చంటిపిల్లల తల్లులు కూడా లేవకుండా వినేవాళ్ళు. చేపంటే ముక్కు మూసుకునే ఇళ్ళలో పులుసు కాయించింది. నేను వెళితే ఒళ్ళో పోసే పచ్చి శనక్కాయలు ఆమె సంచీలోకి పోవడం మొదలైంది. నవ్వకండి. శనక్కాయల దగ్గర కూడా మనిషికి కడుపు మండుతుంది.

అన్నిటికంటే ఎక్కువ మండింది ఆమె మాట దగ్గర. చదువుకునే రోజుల్లో నేను 'యాడ', 'ఈడ' అంటే తరగతి మొత్తం నవ్వేది. సిగ్గుపడి, నాలుక కొరుక్కుని, ఒక్కొక్క మాటనూ నోట్లోంచి తుడిచేసుకున్నాను. అవే మాటలు వాసంతి వచ్చీరానట్టు పలికితే ఊరు మురిసిపోయింది. మా పెద్దసారు అందరి ముందూ, ఈ అమ్మాయి మీ భాష ఎంత చక్కగా నేర్చుకుందో చూడండి అని చప్పట్లు కొట్టించాడు. నేనూ కొట్టాను. ఆ భాష నా ఇంట్లోది. దాని కోసం నాకు ఎవరైనా ఎప్పుడైనా చప్పట్లు కొట్టారా?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు చెరువంటే ఊరంతటికీ ఒకటే, కట్టా తూమూ ఉన్న పెద్ద చెరువు. మనం తవ్వుకున్నది గుంట. వాసంతి వాళ్ళ వైపు చేపల కోసం తవ్వినదాన్నే చెరువంటారు. ఇక్కడికొచ్చాక ఆమె జాగ్రత్తగా గుంట అనడం నేర్చుకుంది. కానీ వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు 'మా చెరువు' అనేది. అది నేను చాలాసార్లు విన్నాను. విన్నది నేనొక్కణ్ణే.

చేపపిల్లల బండి వచ్చిన రోజు ఆమెను ఏదో సమావేశానికి పిలిపించారు. పొద్దున్నే ఊరికి ఫోన్ చేసి చెప్పాల్సింది చెప్పి, సమావేశంలోకి వెళ్ళిపోయింది. నేను వెళ్ళేసరికి సంఘం పెద్ద ఓబులమ్మ బండి పక్కన నిలబడి ఉంది. చుట్టూ ఆడవాళ్ళు.

"మేడమ్ చెరువులో వదలండి అనింది. గుంట అన్లేదు," అంది ఓబులమ్మ. "నిన్నటి వానకు గుంటలో నీళ్ళు ఎర్రగా అయిపోయినాయి. అందుకే మాట మార్చిందేమో అనుకుంటాండాం. మళ్ళా ఫోన్ చేస్తే ఎత్తలేదు. యాడ వదలాలప్పా?"

నాకు అర్థమైంది. తొందరలో ఆమె నోటికి సొంత ఊరి మాట వచ్చేసింది. ఆమె చెప్పింది గుంటలో వదలమనే. ఒక్క మాట చాలు. గుంటలోనే అక్కా, అంటే సరిపోయేది.

"మేడమ్ ఎట్ల చెప్తే అట్ల చెయ్యి అక్కా," అన్నాను. "చేపల సంగతి ఆమెకు తెలిసినట్ల నాకేం తెలుస్తాది."

ఎన్నాళ్ళకో నా పాత యాస నోట్లోకి దానంతటదే వచ్చింది.

నాకు తెలియక కాదు. పెద్ద చెరువులో కొరమీనులున్నాయి, వేలెడు పిల్లలను ఊరికే వదలవు. మిగిలినవి బతికినా, ఆ చెరువులో చేప ప్రతిదీ వేలంపాట పాడుకున్నవాడిది, సంఘానికి ఒక్కటి కూడా రాదు. ఇవన్నీ తెలిసే అన్నాను. ఆ తర్వాత కట్ట మీద నిలబడి చూశాను. ఆడవాళ్ళు చేపపిల్లల సంచులను ముందు నీళ్ళ మీద తేలనిచ్చారు, లోపలి నీళ్ళు చల్లబడ్డాక మూతులు విప్పారు, పిల్లలు వాటంతటవే ఈదుకుంటూ పోయేదాకా కదలకుండా నిలబడ్డారు, వాసంతి ఎలా నేర్పిందో అలాగే, చోటు ఒక్కటి తప్ప. ఆపాలంటే కావలసినంత సమయం ఉంది. ఎందుకు ఆపలేదు? ఒక్కసారి ఆమె తప్పు చేసింది అని అందరిచేతా అనిపించాలని. ఒక్కసారి చాలనుకున్నాను. ఇంత దూరం పోతుందని తెలియదనుకుని నన్ను నేను ఎన్నోసార్లు ఓదార్చుకున్నాను. కానీ ఎంత దూరం పోతే నాకు చాలనిపించేదో ఆ రోజు నేను లెక్క వేసుకోలేదు, వేసుకోవాలని కూడా అనుకోలేదు.

వాసంతి వచ్చి చూసేసరికి పిల్లలు పెద్ద చెరువులో కలిసిపోయాయి, మళ్ళీ కొనడానికి ఆ ఏడు డబ్బు లేదు. సెలవులకు బెంగళూరువాళ్ళు వచ్చారు. ఖాళీ గుంట చూసి వెళ్ళిపోయారు. సంఘంలో ఆడవాళ్ళు ఓబులమ్మ మీద పడ్డారు, గుంట తవ్వింది వాళ్ళే కదా. ఆ ఏడు వాళ్ళలో సగం మంది మళ్ళీ ఇటుక బట్టీలకే పోయారు. మా పెద్దసారు విచారణకు వచ్చినప్పుడు ఓబులమ్మ ఉన్నదున్నట్టే చెప్పింది, ఈ సారును కూడా అడిగినాం, మేడమ్ చెప్పినట్టే చెయ్యమనినాడు అని. అందరూ నా వైపు మెచ్చుకోలుగా చూశారు. వయసులో పెద్దవాడై ఉండి ఎంత అణకువ అన్నట్టు.

వాసంతిని ఉద్యోగంలో కొనసాగించలేదు. వెళ్ళేరోజు నా దగ్గరికి వచ్చింది. తన మాట మీద నేను అంత నమ్మకం పెట్టుకుంటే తానే నిలబెట్టుకోలేకపోయానంది. క్షమించమంది. నేను క్షమించాను. చదువుతున్నారు కదా, నేను ఆమెను క్షమించాను. పర్వాలేదమ్మా అని భుజం తట్టి బస్సెక్కించాను.

ఆమె కుర్చీ నాకొచ్చింది. ఆ ఊరికి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. వద్దని ఊరివాళ్ళే చెప్పి పంపారు, చదువుకున్నోళ్ళ మాటలు తమకు అక్కర్లేదని. నాకు అదే మేలనిపించింది.

మొన్న ఒకచోట ఆమె పేరు విన్నాను. తన ఊరి వైపే ఇలాంటి పనిలోనే ఉందట. ఆమె వస్తోందంటే పల్లెల్లో జనం ఎదురుచూస్తారట. అప్పుడు నాకు ఏమనిపించాలి? నా చేతుల్లో ఆ పిల్ల బతుకు పాడైపోలేదని ఊపిరి పీల్చుకోవాలి కదా. పీల్చుకోలేదు. ఎదురుచూస్తారట అనగానే కడుపు మళ్ళీ మండింది. ముందు వచ్చింది కుళ్ళు. సిగ్గు ఆ తర్వాతెప్పుడో వచ్చింది, అది కూడా నేను పిలిస్తే వచ్చింది.

ఓబులమ్మకు చెప్పలేదు. వాసంతికి చెప్పలేదు. చెబుతానన్న నమ్మకం నా మీద నాకు లేదు. అయినా ఇప్పుడు ఈ సంగతి నాకొక్కడికే కాదు, మీకూ తెలుసు.